ఎవరు ఆపమన్నా ఆపాల్సిందే

సోమవారం సాయంత్రం డే కేర్ నడిపే మేడం, ఆయా చెయ్యి పట్టుకుని పైకెత్తి మరీ చూపించింది. మణికట్టుకు బెత్తెడు పైన గుండ్రంగా, ముచ్చటగా, చిన్న పళ్ళ వరస అచ్చు పడి ఉంది.

"నాలుగోది," అంది మేడం. "మూడు వారాల్లో నాలుగోది."

ఆ పళ్ళు ఎవరివో వేరే చెప్పాలా? ఇరవై నెలల పిల్ల వాళ్ళమ్మ కాలిని కరుచుకుని నిలబడి, ఆ అచ్చుతో తనకు ఏ సంబంధమూ లేనట్టు తీరిగ్గా చూస్తోంది. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. పుట్టిన రోజున ఆసుపత్రి వార్డు దద్దరిల్లేలా ఏడ్చిందని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఆ తర్వాత పిడుగు నోట్లోంచి చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ రాలేదు. అమ్మ లేదు, నాన్న లేదు, కనీసం కాకిని చూసి కావ్ అన్నది కూడా లేదు.

"పెట్టింది తినదు, పళ్ళెం విసిరికొడుతుంది," మేడం ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. "ఉయ్యాల ఎక్కిస్తే మొదట బాగానే ఉంటుంది. ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడుస్తుంది. దించబోతే కొరుకుతుంది. మాట రాదు, మాట వినదు. మిగతా పిల్లల తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారమ్మా, నేనేం చెప్పను? శనివారం దాకా చూస్తాను. ఇంకొక్కసారి కొరికిందంటే మీరు వేరే చోటు చూసుకోండి."

"చెడ్డ పిల్ల కాదు మేడం," ఆయా చెయ్యి రుద్దుకుంటూనే అడ్డుపడింది. "రోషం ఎక్కువ, అంతే."

వేరే చోటు ఎక్కడుంది? అదే అసలు చిక్కు. పిడుగు వాళ్ళమ్మ క్రేన్ నడుపుతుంది. కట్టే భవనం పక్కన ఆకాశంలోకి నిటారుగా నిలబడుతుందే, ఆ టవర్ క్రేన్. పద్నాలుగు అంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, ఇనుప చువ్వల కట్టలనూ కాంక్రీటు తొట్టెలనూ లేపి, ఎక్కడ దించమంటే అక్కడ, కోడిగుడ్డును దించినంత నెమ్మదిగా దించుతుంది. సైట్‌లో అందరూ ఆమెను పైనక్క అంటారు. ఆరేళ్ళు నడిపి, కడుపుతో ఉన్నప్పుడు దిగిన మనిషి, మళ్ళీ ఎక్కి మూడు వారాలే అయింది. ఎక్కిన రోజే సైట్ ఇన్‌ఛార్జ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు: "నువ్వు ఒక్కరోజు రాకపోతే ఇక్కడ రెండొందల మంది చేతులు ముడుచుకుని కూర్చోవాలి. కుదరదంటే ఇప్పుడే చెప్పమ్మా, ఇంకొకరిని తెచ్చుకుంటాం." కుదురుతుందని ఆమె చెప్పింది. పొద్దున్న ఆరున్నరకే తలుపు తీసే డే కేర్ ఆ చుట్టుపక్కల అదొక్కటే, అదీ సైట్ గోడ అవతలే ఉంది. కాబట్టి ఆయా చేతి మీద ఐదో అచ్చు పడిందంటే పైనక్క కిందికి దిగిపోవాల్సిందే. మళ్ళీ ఎక్కేది ఉండదు.

సలహాలకు మాత్రం కరువు లేదు. పిల్లకు మాటలు రాలేదని తెలిస్తే చాలు, వీధి వీధంతా డాక్టర్లైపోతారు. ఒకావిడ చెవులు పరీక్ష చేయించమంది. చేయించారు, చీమ చిటుక్కుమన్నా వినబడుతుందని తేలింది. తన పిల్లలను ఒక్క పూటైనా ఎత్తుకుని ఎరగని ఒకాయన, గారాబం ఎక్కువైందని తేల్చేశాడు. తల్లి పనికి వెళ్తే పిల్లలు ఇలాగే తయారవుతారని ఇంకొకావిడ అంది. ఆవిడకు పైనక్క ఏం జవాబు చెప్పిందో ఇక్కడ రాస్తే బాగుండదు.

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, అసలు ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందని ఒక్కరూ అడగలేదు. పిడుగు వాళ్ళ నాన్న బేకరీలో రొట్టెలు చేస్తాడు. తెల్లవారకముందే వెళ్ళి, పదకొండింటికి కనుబొమల దాకా పిండితో వచ్చి, నాలుగు ముద్దలు తిని మంచం మీద అడ్డంగా పడతాడు. మళ్ళీ ఐదింటికి గానీ లేవడు. ఉన్నది ఒక గది, ఒక వంటగది. అంచేత పగలంతా ఆ ఇంట్లో అందరూ పిల్లుల్లా నడుస్తారు. గిన్నెల కింద గుడ్డ పరుస్తారు. తలుపు బందులకు నూనె పూస్తారు. నాన్నను నిద్రపోనివ్వాలి, అంతే, దానికి తిరుగు లేదు. అలాంటి ఇంట్లో ఒక తల్లీ ఒక పిల్లా ఇరవై నెలలు గడిపారు.

ఇక సైట్‌లో పైనక్కకు ఉన్న ఒకే ఒక పెద్ద దిక్కు సైగల బాబాయ్. నారింజరంగు కోటు, మెళ్ళో ఈల, అరవైకి దగ్గరపడ్డ వయసు. పైనుంచి ఆపరేటర్‌కు అన్నీ కనబడవు. వాకీటాకీ ఉందన్న మాటే గానీ, ఆ మోతలో అది గరగరలాడటం తప్ప ఏం చెప్తుందో దేవుడికే తెలియాలి. అందుకే బాబాయ్ కింద నిలబడి చేతులతో చెప్తాడు. వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే లేపమని. కిందికి పెట్టి తిప్పితే దించమని. తిరిగే ఆ వేలి మీద రెండో అరచెయ్యి గొడుగులా పట్టాడంటే, చేసేదే చెయ్యి గానీ మెల్లగా చెయ్యమని. రెండు చేతులూ కలిపి పట్టుకుంటే ఎక్కడిదక్కడ ఉంచమని. రెండు చేతులూ బారజాపి అటూ ఇటూ ఊపాడా, ఉన్నపళంగా ఆపెయ్యాలి.

ఆమె పనిలో చేరిన మొదటి రోజే బాబాయ్ ఒక మాట చెప్పాడు. "చూడమ్మాయ్, నా సైగ తప్ప ఇంకెవరి సైగా పట్టించుకోకు. ఇంజనీరే వచ్చి లేపమన్నా లేపకు. కానీ ఆపమనే సైగ ఉందే, అది ఎవరు చేసినా ఆపాల్సిందే. గేటు కాడ కాపలా మనిషి చేసినా సరే, దారిన పోయేవాడు చేసినా సరే. ఎందుకన్నది ఆపిన తర్వాత అడుగు."

ఆరేళ్ళలో ఆమె ఆ మాట జవదాటలేదు.

ఆ వారం మంగళ, బుధవారాలు ఎలాగో గడిచాయి. ఆయా పిల్లకు ఆమడ దూరంలో ఉంటూ నెట్టుకొచ్చింది. పైన అద్దాల గదిలోంచి కాస్త మెడ తిప్పితే డే కేర్ పెరడు కనబడుతుంది. కానీ పైనక్క ఈ మూడు వారాల్లో ఒక్కసారి కూడా అటు చూడలేదు. హుక్కుకు టన్ను బరువు వేలాడుతుండగా పిల్ల ఏడుస్తూ కంటపడితే చెయ్యి నిలుస్తుందన్న నమ్మకం లేదు. తన మీద తనకు బోలెడంత ధీమా ఉన్న మనిషే గానీ, ఆ ఒక్క విషయంలో పందెం కాయలేదు.

గురువారం కాంక్రీటు లారీ రాలేదు. హుక్కు ఖాళీగా గాలికి ఊగుతోంది. కింద బాబాయ్ ఇసుకగుట్ట మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పదకొండు దాటింది. ఇవాళ చూస్తే నష్టమేముందనుకుని పైనక్క మెడ తిప్పింది.

పెరట్లో ఉయ్యాల దగ్గర ఆయా, ముందు కడ్డీ వేసిన కుర్చీలో పిడుగు. అంత ఎత్తు నుంచి ముఖాలేం తెలుస్తాయి, చేతులు మాత్రం తెలుస్తాయి. ఆయా మెల్లగా ఊపింది. పిల్ల చెయ్యి పైకి లేచింది, వేలు గుండ్రంగా తిరిగింది. పైనక్క కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి లీవరు పట్టుకుంది.

ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. లేపమన్నది ఎవరు? బాబాయ్ వైపు చూసింది. ఆయన టీ ఊదుకుంటున్నాడు. మళ్ళీ పెరట్లోకి చూసింది.

ఉయ్యాల జోరు పెరిగింది. పిల్ల రెండు చేతులూ కలిపి గట్టిగా పట్టుకుంది. ఎక్కడిదక్కడ ఉంచమంటోంది. ఆయా ఇంకాస్త ఊపింది. అప్పుడు పిడుగు రెండు చేతులూ బారజాపి అటూ ఇటూ ఊపింది. ఒకసారి కాదు, మూడుసార్లు, నాలుగుసార్లు. పిల్ల పక్షిలా రెక్కలాడిస్తోందని కాబోలు ఆయా మురిసిపోయింది, తల వెనక్కి వాల్చి నవ్వుతూ ఇంకా గట్టిగా ఊపింది. పిల్ల ఒళ్ళంతా విరుచుకుంది. ఆ ఏడుపు పైదాకా వినబడలేదు.

పైనక్కకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. మొగుడు గుర్రుపెడుతుంటే పిల్లను మంచం ఎక్కించేటప్పుడు వేలు పైకి తిప్పింది తనే. దించేటప్పుడు కిందికి తిప్పింది తనే. పిల్ల గడప దాటబోతే వేలి మీద అరచెయ్యి పట్టి మెల్లగా అన్నది, పొయ్యి వైపు పాకుతుంటే రెండు చేతులూ బారజాపి ఆపింది, అన్నీ తనే. ఆరేళ్ళు పొద్దస్తమానం సైగల మధ్య బతికిన చేతులు, నోరు తెరవకూడని ఇంట్లో వాటి పని అవి చేసుకుపోయాయి. మనిషికి ఆ సంగతే తెలియలేదు. పిల్ల నేర్చేసుకుంది. మాటలు రాలేదని ఇంటిల్లిపాదీ దిగులుపడుతుంటే ఆ పిల్ల నెలల తరబడి మాట్లాడుతూనే ఉంది. అర్థం చేసుకునేవాళ్ళే కరువయ్యారు.

నవ్వొచ్చింది ఆమెకు. నవ్వుతుండగానే కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఆపమని అంత చక్కగా, చేతులు పూర్తిగా చాపి, బాబాయ్ కూడా వంకపెట్టలేనంత శుభ్రంగా చెప్పినా ఎవరూ ఆపకపోతే, ఆ పిల్ల కొరకక ఇంకేం చేస్తుంది?

"బాబాయ్, లారీ ఎప్పుడొస్తుందట?" వాకీటాకీలో అడిగింది.

"ఇంకో గంట పడుతుందంటున్నారు. ఏమైంది?"

"కిందికి దిగుతున్నా. అక్కడొకరు ఆపమంటుంటే ఎవరూ ఆపట్లేదు."

బాబాయ్ గాభరాగా టీ గ్లాసు పక్కన పెట్టి సైటంతా కలియజూశాడు. అంతా సవ్యంగానే ఉంది. ఆయన తల గోక్కునేలోపు పైనక్క నిచ్చెన పట్టుకుంది.

అంత ఎత్తు దిగడానికి పది నిమిషాలు. సైట్ దాటి, గోడ చుట్టూ తిరిగి, హెల్మెట్టుతోనే డే కేర్ లోపలికి వచ్చేసరికి పిడుగు ఒక మూల కూర్చుని ఎక్కిళ్ళు పెడుతోంది. ఆయా చేతికి మందపాటి తువ్వాలు చుట్టుకుని యుద్ధం ముగించిన సైనికుడిలా నిలబడి ఉంది. మేడం చేతిలో ఫోను.

"మీకే చేస్తున్నా," అంది మేడం. "తువ్వాలు ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఐదోది పడేదే. నా దృష్టిలో పడ్డట్టే."

"ఐదు నిమిషాలు టైమివ్వండి మేడం. ఆ తర్వాత మీరు పొమ్మంటే మారుమాట్లాడకుండా తీసుకెళ్ళిపోతా." పైనక్క గొంతులో బతిమాలడం లేదు. టన్ను ఇనుము గాల్లో ఉన్నప్పుడు మాట్లాడే గొంతు అది. మేడం ఫోను కిందికి దించింది.

"అక్కా, పిల్లను మళ్ళీ ఉయ్యాల ఎక్కించు."

"మళ్ళీనా?" ఆయా తువ్వాలు ఇంకో చుట్టు చుట్టింది.

"ఎక్కించు చెప్తా. ఊపు. అది ఇలా రెండు చేతులూ చాపి ఊపిందనుకో, టక్కున ఆపెయ్యి. వేలు ఇలా పైకి తిప్పితే మళ్ళీ ఊపు. అంతకు మించి ఏం చెయ్యకు."

ఆయా మేడం వైపు చూసింది. మేడం సరేనన్నట్టు తలూపింది. ఉయ్యాల ఒకటి, రెండు, మూడుసార్లు ఊగింది. పిల్ల ఎక్కిళ్ళు పెడుతూనే, పెద్దగా ఆశ లేనట్టు, రెండు చేతులూ చాపింది.

ఆయా ఉయ్యాలను పట్టి ఆపేసింది.

పిడుగు ఎక్కిళ్ళు ఆగిపోయాయి. మెడ వెనక్కి తిప్పి ఆయాను కింద నుంచి పైదాకా చూసింది, కొత్త మనిషిని చూసినట్టు. వేలు పైకెత్తి తిప్పింది. ఉయ్యాల కదిలింది. చేతులు చాపింది. ఆగింది. ఇంకోసారి. ఇంకోసారి. పదిసార్లు అయ్యాక పిల్ల పకపకా నవ్వడం మొదలెట్టింది. మూడు వారాల్లో ఆ పెరట్లో పిడుగు నవ్వు వినడం అదే మొదలు. ఆయా తువ్వాలు విప్పి పక్కన పడేసింది.

"అయితే అన్నం పెట్టేటప్పుడు చేతులు కలిపి పట్టుకుంటుందే, అదేంటమ్మా?" అని అడిగింది ఆయా. "ఇంకా పెట్టమని బతిమాలుతోంది కాబోలనుకుని నేను ఇంకో రెండు ముద్దలు వేస్తున్నా."

"చాలు, కదపకు అని చెప్తోందక్కా."

ఆయా నోటి మీద చెయ్యి వేసుకుంది. "నా తల్లే. దాని నోట్లో కుక్కి కుక్కి పెట్టాను కదే," అంటూ పిల్ల బుగ్గ నిమిరింది. కొరకలేదు.

మేడం అంత తేలిగ్గా కరిగే మనిషి కాదు. "మేమంతా ఇప్పుడు క్రేన్ పని నేర్చుకోవాలంటారు," అంది చేతులు కట్టుకుని.

"ఐదే ఐదు సైగలు మేడం. సైట్‌లో మూడు రోజులు పడుతుంది. మీ ఆయా ఐదు నిమిషాల్లో పట్టేసింది, మా బాబాయ్ చూస్తే పనిలో పెట్టుకుంటాడు."

ఆయాకు ఆ మాట బాగా నచ్చింది. నడుం నిటారు చేసుకుంది.

"మరి మాటలు? ఇలా సైగలతోనే పెంచుతారా పిల్లను?"

"మాటలూ వస్తాయి. చేత్తో చేసే ప్రతి సైగా నోటితో కూడా చెప్పాలి, అంతే. పైకి, కిందికి, మెల్లగా, ఆగు. తప్పు దానిది కాదు మేడం, మాది. ఇంట్లో నోరు మూసుకుని పెంచాం. ఇవాళ్టి నుంచి తెరుస్తాం."

మేడం కాసేపు ఉయ్యాల వైపు చూసింది. "శనివారం అనుకున్నాం కదా. శనివారమే మాట్లాడదాం," అని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతంతా విన్న పిడుగు వాళ్ళ నాన్న ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. "అంటే నా నిద్ర వల్ల పిల్లకు మాటలు రాలేదా?" అన్నాడు చివరికి. "రేపట్నుంచి చెవుల్లో దూది పెట్టుకుంటా. మీరిద్దరూ ఎంత గోల చేస్తారో చెయ్యండి."

దూది కూడా అక్కర్లేదని మర్నాడే తేలింది. శుక్రవారం సైట్‌లో కరెంటు పోయి పైనక్క మధ్యాహ్నమే పిల్లను తీసుకుని ఇంటికొచ్చింది. గడప దగ్గర్నుంచే "పైకి", "కిందికి" అంటూ గొంతెత్తి మాట్లాడుతుంటే స్టీలు గిన్నె ఒకటి జారి గది ఇవతల నుంచి అవతలి దాకా దొర్లింది. తల్లీపిల్లా బిగుసుకుపోయి మంచం వైపు చూశారు. దూది పెట్టుకోవడం మరిచే పడుకున్న ఆయన గుర్రు లయ కూడా తప్పలేదు. రోజూ పిండి కలిపే యంత్రం పక్కన ఎనిమిది గంటలు నిలబడే మనిషికి గిన్నె చప్పుడు ఒక లెక్కా? ఇరవై నెలలు వీళ్ళు ఉత్తపుణ్యానికి గుసగుసలాడారు. పైనక్కకు ఎంత ఒళ్ళు మండిందంటే, గిన్నె తీసి కావాలని ఇంకోసారి పడేసింది.

శనివారం సాయంత్రం మేడం గేటు దగ్గర ఎదురైంది. ఆయా రెండు చేతులూ చాపి చూపించింది, ఒక్క అచ్చు లేదు. "సోమవారం ఎప్పటిలాగే తీసుకురండి," అంది మేడం. అది చాలు.

సోమవారం మామూలుగానే ఆరున్నరకు దింపింది. ఇక్కడ ఒక పద్ధతుంది. ఆయా పిల్లకు ఏదో బొమ్మ చూపిస్తుంది, పిల్ల అటు తిరగగానే తల్లి చప్పుడు కాకుండా జారుకుంటుంది. చూస్తే ఏడుస్తారని అందరు తల్లులూ చేసేదే, పైనక్కా నాలుగు వారాలుగా చేస్తున్నదే. ఇవాళా ఆయా రంగుల బంతి దొర్లించింది. పైనక్క గేటు గడియ తీసి, ఒక కాలు బయటపెట్టి, అలవాటుగా ఒక్కసారి వెనక్కి చూసింది.

పిడుగు బంతి వైపు చూడట్లేదు. పెరటి మధ్యలో నిలబడి తల్లినే చూస్తోంది. ఏడవట్లేదు. రెండు చేతులూ బారజాపి అటూ ఇటూ ఊపింది.

గోడ అవతల సైట్ సైరన్ మోగింది. ఆరేళ్ళలో పైనక్క ఆ సైరన్‌కు ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఇన్‌ఛార్జ్ గేటు దగ్గరే వాచీ చూసుకుంటూ నిలబడే రకం. "మీరెళ్ళండమ్మా, నేను చూసుకుంటాలే," అంది ఆయా.

పైనక్క బయటపెట్టిన కాలు లోపలికి తీసుకుంది. గడియ వేసింది. తిరిగొచ్చి పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. ఆపిన తర్వాతే కదా అడగాల్సింది.

"ఏంటి తల్లీ, ఎందుకాపావు?"

పిడుగు వచ్చి ఆమె మెళ్ళో హెల్మెట్టు తాడు పట్టుకుని నిలబడింది. చూడనప్పుడు మాయమైపోయే మనిషిని చూస్తుండగా పట్టుకోవడం దానికి అదే మొదటిసారి. పైనక్క దాని చేతి మీద తన చెయ్యి వేసింది. నాలుగు వారాలుగా ఈ పిల్ల వెనక్కి తిరిగేసరికి ప్రతిరోజూ అమ్మ లేదు. ఎటు పోయిందో, ఎందుకు పోయిందో ఒక్కరూ చెప్పలేదు. తను కూడా చెప్పలేదు.

ఆమె గోడ మీదుగా కనబడుతున్న క్రేన్ చూపించింది. "అదిగో, అక్కడికెళ్తా. అమ్మ పైకి." వేలు పైకి తిప్పింది. "సాయంత్రం అమ్మ కిందికి." వేలు కిందికి తిప్పింది. "కిందికొచ్చి నేరుగా పిడుగు దగ్గరికి. చెప్పకుండా ఇంకెప్పుడూ వెళ్ళను."

పిల్ల క్రేన్ వైపు చూసింది. చాలాసేపు చూసింది. తల్లి ముఖం చూసింది. హెల్మెట్టు తాడు వదిలేసి ఒక చెయ్యి ఎత్తి, వేలు గుండ్రంగా తిప్పింది. పైనక్క లేవబోయింది. పిడుగు ఆగమన్నట్టు కళ్ళు పెద్దవి చేసి, రెండో అరచెయ్యి తెచ్చి ఆ వేలి మీద గొడుగులా పట్టింది.

పైనక్క సైట్ గేటు చేరేసరికి పదకొండు నిమిషాలు ఆలస్యం. సైగల బాబాయ్ ఎదురొచ్చాడు. "ఏమ్మాయ్, ఎప్పుడూ లేనిది?"

"ఆపు సైగ వచ్చింది బాబాయ్."

"ఎవరు చేశారు?"

"ఎవరు చేస్తే ఏంటి?"

బాబాయ్ తను నేర్పిన పాఠమే కదా అని దారిచ్చాడు. "సరే సరే, గబగబా ఎక్కు. ఇన్‌ఛార్జ్ ఇటే చూస్తున్నాడు."

"గబగబా కుదరదు," అంది పైనక్క, హెల్మెట్టు తాడు బిగించుకుంటూ. కళ్ళు తుడుచుకుని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. "మెల్లగా ఎక్కమని చెప్పారు."

పద్నాలుగు అంతస్తులూ ఒక్కొక్క మెట్టే పట్టుకుని మెల్లగా ఎక్కింది.